నిమిత్తరంజనము: పట్టికలలో రంగునకుఁ గల యర్థము

విద్యుద్గణకములపై నడచు పట్టికలయందు, అనఁగా స్ప్రెడ్‌షీట్లయందు, కండిషనల్ ఫార్మాటింగ్ అని వ్యవహరింపఁబడు సాధన మొకటి కలదు. ఒక గడిలోని విలువ నిర్ణీతమైన నియమమునకు లోఁబడినచో ఆ గడికి రంగు గాని, దళసరి యక్షరము గాని, చుట్టు గీఁత గాని తనంతఁ దాను గలుగునట్లు చేయుట దాని పని. పాఠశాలల మార్కుల పట్టికలు, కార్యాలయముల జమాఖర్చులు, వానలెక్కలు మున్నగునవి నేఁడు పెక్కుచోట్ల నీ సాధనముచేతనే రంగులు దాల్చుచున్నవి. రంజనమునకు హేతువు విలువయందలి యొక నిమిత్తమగుటచే దీనిని నిమిత్తరంజన మనుట యుచితము. ఈ వ్యాసమునం దాపేరే వాడఁబడును.

రంగుతో గుఱుతు పెట్టుట క్రొత్త పని కాదు. కాగితపు వ్రాఁతప్రతులలో లేఖకులు తప్పుపడిన యక్షరములపై హరితాళము పూసి మాపుటయు, అధ్యాయాంతవాక్యములకు జేగురు పూయుటయుఁ బూర్వాచారము. అయితే అచ్చట రంగు వేయువాఁడు లేఖకుఁడు. అతఁడు ప్రతిచోటును జూచి, తలపోసి, ఒక్కొక్కటిగా వేయును. నిమిత్తరంజనమున రంగు వేయునది నియమము. మనుష్యుఁడు నియమము నొక్కమాఱు వ్రాసి తొలఁగును. పిమ్మట విలువ మాఱినప్పుడెల్ల రంగును మాఱును. వ్యాకరణజ్ఞులకుఁ బ్రతిపదపాఠమునకును లక్షణమునకును గల భేదము తెలిసినదే కదా. ఆ భేదమే యిచ్చటను గానవచ్చుచున్నది. లేఖకుని పొరపాటు ఒక్క యక్షరమును జెఱచును. లక్షణమునందలి పొరపాటు పట్టిక యంతటను వ్యాపించును. కావున రంగుల పట్టికను జూచువాఁడు రంగును మాత్రము చూచి తృప్తిపడరాదు. ఆ రంగును విధించిన నియమ మెట్టిదో విచారింపవలెను. ఈ విచారమే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

సాధనచరిత్రము

గణకయంత్రముపై గడుల పట్టికను సర్వజనోపయోగముగా నడపిన మొదటి సాధనము విసికాల్క్. దానిని డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనువారు రచింపఁగా 1979వ సంవత్సరమున వెలువడినది. లోటస్ 1-2-3 అనునది 1983లోను, ఎక్సెల్ అనునది 1985లో మాకింటాష్ యంత్రములకును, 1987లో విండోస్‌కును వచ్చినవి. నిమిత్తరంజనము ఎక్సెల్ 97 అను కూర్పుతోఁ బ్రవేశించెను. ఆనాఁడు ఒక గడికి మూఁడు నియమములకంటె నెక్కువ విధింప వీలులేకుండెను. 2003 కూర్పువఱకును ఆ హద్దు నిలిచి, 2007 కూర్పునఁ దొలఁగెను. ఆ 2007 కూర్పునందే విలువ ననుసరించి గడిలోఁ బొడుగగు పట్టీలును, లేఁతనుండి ముదురునకు సాగు రంగుల మెట్లును, బాణములు చుక్కలు మొదలగు చిహ్నములును జేరినవి. లిబ్రె ఆఫీస్, గూగుల్ షీట్స్ అను సాధనములయందును నిమిత్తరంజనము కలదు. విధానములలో స్వల్పభేదములు మాత్ర మున్నవి.

నియమాంగములు

నిమిత్తరంజనమునకు మూఁ డంగములు. ఏ గడులకుఁ గార్యము విధింపఁబడునో అవి స్థానములు. ఏది సంభవించినప్పుడు విధింపఁబడునో అది నిమిత్తము. ఏది విధింపఁబడునో అది కార్యము. పాణినీయమున నీ మూఁడింటిని విభక్తులే తెలుపును: షష్ఠి స్థానిని, సప్తమి నిమిత్తమును, ప్రథమ యాదేశమును బోధించును. ఇక్కునకు అచ్చు పరమగుచుండఁగా యణ్ణు వచ్చునన్న విధియం దీ మూఁడును స్పష్టములు. ప్రతి, ఏకము అను రెండును గలిసి ప్రత్యేకమగుట కిదియే మూలము. పట్టికయందలి నియమమును సరిగా నీ తీరుననే చదువవచ్చును: ఈ గడులకు, విలువ 35 కంటెఁ దక్కువ యగుచుండఁగా, ఎఱుపు. స్థానమును జెప్పక నిమిత్తమును, నిమిత్తమును జెప్పక కార్యమును జెప్పిన సూత్ర మెట్లు నిరర్థకమో, ఇదియు నట్లే.

నిమిత్తములు రెండు తెఱఁగులు. గడిలోని విలువయే నిమిత్తమగుట యొకటి. ఇంత కెక్కువ, ఇంతకుఁ దక్కువ, ఈ రెండింటి నడుమ, ఈ పదము కలది అను నియమములు దీనిలోఁ జేరును. నడుమ అన్నప్పుడు రెండు హద్దులును లోనివిగానే లెక్కింపఁబడు నని గుర్తింపవలెను. మఱియొకచోటి విలువ నిమిత్తమగుట రెండవది. దీనికి సూత్రము, అనఁగా ఫార్ములా, వ్రాయవలెను. స్థానములలో మొదటి గడి నుద్దేశించి సూత్రము వ్రాసినచోఁ దక్కిన గడులకు అది తనంతఁ దాను జరిగి యన్వయించును. జరగరాదనుకొన్న నిలువువరుస పేరునకుఁగాని యడ్డువరుస సంఖ్యకుఁగాని ముందు డాలరు గుఱుతు పెట్టవలెను. ఒక విద్యార్థి మొత్తము మార్కులు ఐ అను నిలువువరుసలో నుండఁగా, ఆ మొత్తము తగ్గినప్పుడు అతని యడ్డువరుస యంతయు రంగు దాల్పవలెనన్నచో, ఐ అను పేరునకు ముందు డాలరు గుఱుతు పెట్టి, వరుస సంఖ్యకుఁ బెట్టకుండవలెను. అప్పుడు ప్రతి గడియుఁ దన యడ్డువరుసలోని ఐ గడినే చూచును. గుఱుతు మఱచినచో రెండవ గడి ఐ ప్రక్కనున్న జె గడిని, మూఁడవది దాని యావలి గడిని జూచి, యర్థములేని రంగులు పడును. అన్వయదోషములలో నిదియే తఱచైనది.

ఉత్సర్గాపవాదములు

విశాఖపట్టణమునకు నుత్తరమున, 16వ సంఖ్య జాతీయరహదారిపై నున్న ఆనందపురము పూలసంతకుఁ బేరుగన్నది. అట్టి యూరి యున్నతపాఠశాలయందలి పదవతరగతి పట్టిక నుదాహరణముగాఁ గైకొనవచ్చును. ఇందలి విద్యార్థులును మార్కులును బోధనార్థము కల్పింపఁబడినవి. ఉత్తీర్ణతానియమము మాత్రము యథార్థము. ఆంధ్రప్రదేశమునఁ బదవతరగతి పబ్లిక్ పరీక్షయందు, విషయమునకు నూఱేసి మార్కులు కాఁగా, ఉత్తీర్ణతకుఁ గనీసము 35 మార్కులు రావలెను. ద్వితీయభాషయగు హిందీకి మాత్రము 20 చాలును. మొదటిది యుత్సర్గము, రెండవది యపవాదము.

నలువదిమంది విద్యార్థులు. మూఁడవ వరుసనుండి నలువదిరెండవ వరుసవఱకు వారి పేర్లు. సి మొదలు హెచ్ వఱకు ఆఱు నిలువువరుసలలోఁ దెలుఁగు, హిందీ, ఆంగ్లము, గణితము, సామాన్యశాస్త్రము, సాంఘికశాస్త్రము. ఉపాధ్యాయుఁడు పట్టిక నంతయుఁ బట్టి, 35 కంటెఁ దక్కువయైన దెల్ల ఎఱుపు కావలెనని విధించెననుకొనుఁడు. హిందీలో 24 మార్కులు వచ్చిన బాలిక గడి యెఱ్ఱనగును. ఆమె యుత్తీర్ణురాలే, రంగు మాత్రము తప్పినదని చెప్పుచున్నది. ప్రత్యేకతరగతులకు రావలసినవారి జాబితాను ఎఱ్ఱగడులఁ జూచి వ్రాయుచో నామె పేరును అందుఁ జేరును. తల్లిదండ్రులను బిలిచినప్పుడు వారి యెదుట నాపట్టికయే పఱచినచో, ఆ యింటికిఁ బోవు వార్త నిజము కానిది.

దీనికిఁ బరిహారములు రెండు. మొదటిది: హిందీ వరుసను మొదటి నియమపు స్థానములనుండి తీసివేసి, దానికి 20 కంటెఁ దక్కువయైన ఎఱుపు అని వేఱు నియమము వ్రాయుట. ఇది విషయవిభాగము. రెండవది: మొదటి నియమమును గదలింపక, హిందీ వరుసకు 20 గాని యంతకెక్కువ గాని యైనచో రంగేమియు వలదని యొక నియమము వ్రాసి, దానికి స్టాప్ ఇఫ్ ట్రూ అను గుఱుతు పెట్టుట. ఈ గుఱుతునకు, నియమము ప్రవర్తించినచోఁ దరువాతి నియమములను జూడక నిలిచిపొమ్మని యర్థము. ఇది నిషేధశాస్త్రము వంటిది. హిందీలో 24 వచ్చినచో నిషేధము ప్రవర్తించి రంగు పడదు. 18 వచ్చినచో నిషేధమునకుఁ బ్రాప్తి లేదు. ఉత్సర్గము ప్రవర్తించి ఎఱుపు పడును.

ఇచ్చట నొక శంక. రెండు నియమములు నొక్క గడియందుఁ బ్రాప్తించినప్పుడు ఏది గెలుచును? అష్టాధ్యాయి ప్రథమాధ్యాయ చతుర్థపాదమునఁ దుల్యబలములగు రెండు శాస్త్రములు విరోధించినచోఁ బరశాస్త్రమే ప్రవర్తించునని పరిభాష కలదు. ఎక్సెల్ నడక దీనిని బోలియున్నది. క్రొత్తగా వ్రాసిన నియమము జాబితాలోఁ బైకెక్కును. పైనున్నది క్రింది దానిని బాధించును. కాలక్రమమునఁ బరమైనదే బలవత్తర మన్నమాట. విరోధము లేనప్పుడు రెండును బ్రవర్తించును: ఒకటి రంగు వేయును, మఱియొకటి యక్షరమును దళసరి చేయును. గూగుల్ షీట్స్, లిబ్రె ఆఫీస్‌లయందు జాబితాలో ముందుగాఁ గనఁబడి సరిపడిన నియమమే గ్రాహ్యము. దాని తరువాతివి ప్రవర్తింపవు.

పోలిక యింతవఱకే. పాణినీయులు పరశాస్త్రమునకే సర్వాధికార మీయలేదు. పరమునకంటె నిత్యము, నిత్యమునకంటె నంతరంగము, అన్నింటికంటె నపవాదము బలీయమని వారి నిర్ణయము. అపవాదము సూత్రపాఠమున ముందున్నను వెనుకనున్నను ఉత్సర్గమును బాధించును. విశేషవిధికి వేఱుచోటు లేకుండుటయే యందులకుఁ గారణము. యంత్రమునకుఁ బరత్వము తెలియును గాని యపవాదత్వము తెలియదు. ఉపాధ్యాయుఁడు మొదట హిందీ నిషేధమును వ్రాసి, పిమ్మట 35 నియమమును వ్రాసెనేని, పరమగు నుత్సర్గము పైకెక్కి కూర్చుండును. నిషేధము జాబితాలో నుండియు నిర్వీర్యమగును. నియమములు రెండును నిర్దుష్టములే. వరుస తప్పుటచే ఫలము తప్పెను. విశేష మేదియో సామాన్య మేదియో నిర్ణయించి, నియమముల జాబితాలో విశేషమును బైకి జరుపుట మనుష్యుని పని. వ్యాకరణము చదివినవాని కీపని యితరులకంటె సులభముగాఁ దోఁచును.

అభావమును శూన్యమును

రెండవ ప్రమాదము ఖాళీగడులయందుఁ గలదు. పరీక్షకు రాని విద్యార్థి గడిని ఖాళీగా విడుచుట వాడుక. సూత్రములోఁ బోల్చునప్పుడు ఎక్సెల్ ఖాళీగడిని సున్నగా నెంచును. సున్న 35 కంటెఁ దక్కువ. కావున రాని విద్యార్థి తప్పినవాఁడై ఎఱుపు దాల్చును. పరీక్ష వ్రాసి సున్న తెచ్చుకొనుట వేఱు, వ్రాయకుండుట వేఱు. వ్యాకరణమున లోపమనఁగా నదర్శనము, ఉండవలసినది కనఁబడకుండుట. అది వర్ణమొకటి శూన్యరూపమున నుండుట యని యెవ్వరును జెప్పరు. యంత్రమున కీ వివేకము నియమమువలననే కలుగవలెను. ఖాళీ యగునప్పుడు రంగు వలదను నియమమును స్టాప్ ఇఫ్ ట్రూ గుఱుతుతో నన్నింటికంటెఁ బైన నుంచుట దీనికి మందు.

ఖాళీగా విడువక గైర్హాజరు అని పదము వ్రాసినచో మఱియొక వింత జరుగును. ఎక్సెల్‌లోఁ బదమును సంఖ్యతోఁ బోల్చినప్పుడు పదమే పెద్దది. 75 గాని యంతకెక్కువ గాని యైనచోఁ బచ్చ అని యుత్తమవిద్యార్థులకు నియమము వ్రాసియుండఁగా, గైర్హాజరు అను పదము నూటికంటెను బెద్దదిగా నెంచఁబడి పచ్చదనము పొందును. పరీక్షకే రాని బాలుఁడు ప్రథమశ్రేణిలోఁ గనఁబడును! సంఖ్యయే యక్షరరూపమున నిలిచిపోయినను ఇదే దోషము. వేఱొకచోటినుండి యెత్తి వ్రాసిన పట్టికలలో 18 అను విలువ సంఖ్యగాఁ గాక వట్టి యక్షరముగా నుండుట కలదు. కంటికి భేదము తెలియదు. నియమ మాగడిని 35 కంటెఁ దక్కువదిగాఁ జూడదు. పైగా 75 కంటె నెక్కువదిగాఁ జూచును. తప్పిన విద్యార్థి రంగుమఱుఁగునఁ బడిపోవును. సహాయము కావలసినవాఁడే జాబితాలో లేకపోవుట హిందీ బాలికకుఁ జరిగిన దానికంటెను గొప్ప కీడు. కావున విలువ సంఖ్య యగునపుడు మాత్రమే యని నిమిత్తమునకు విశేషణము చేర్పవలెను. ఇస్‌నంబర్ అను ప్రమేయ మిందుల కేర్పడినది.

స్వతంత్రనిమిత్తము, సాపేక్షనిమిత్తము

35 అనునది స్వతంత్రమగు హద్దు. తక్కిన విద్యార్థుల మార్కు లెట్లున్నను అది కదలదు. రంగుల మెట్లు, మొదటి పది, చివరి పది మొదలగునవి సాపేక్షములు. ఒక గడి రంగు తక్కిన గడుల విలువలపై నాధారపడును. ఈ రెండింటిని గలిపి చదువుట తప్పు. ఒక తరగతిలో నందఱికిని ఎనుబదికిఁ బైగా మార్కులు వచ్చిన ననుకొనుఁడు. రంగుల మెట్టు వేసినచో 81 వచ్చిన విద్యార్థి గడి ముదురెఱుపు దాల్చును. ఆ ఎఱుపునకు ఇందఱిలోఁ గడపటివాఁడనియే యర్థము గాని తప్పినవాఁడని యర్థము కాదు.

ఆనందపురపు సంతలోని బంతిపూల ధరలను నెలదినములు వ్రాసి రంగుల మెట్టు వేసినను ఈ సంగతి తేటపడును. పండుగనాఁడు ధర యొక్కపెట్టున మూఁడింత లైనచో ఆ దినము ముదురురంగును, తక్కిన దినములన్నియు నించుమించుగా నొకే లేఁతరంగును బొందును. మామూలు దినములలోఁ బదిరూపాయల హెచ్చుతగ్గులు రైతునకు ముఖ్యములే. అవి యారంగులలోఁ గనఁబడవు. ఒక్క పెద్దవిలువ తక్కినవాని భేదములను మ్రింగివేసినది. ధర పడిపోయిన దినములు తెలియఁగోరువాఁడు, ఇంతకుఁ దక్కువయైన నష్టమని యొక స్వతంత్రమగు హద్దును దానే నిర్ణయించి, దానినే నిమిత్తముగాఁ జేయవలెను.

రంగు సిద్ధమా, యసిద్ధమా

పడిన రంగు విలువను మార్చదు. మొత్తమును గట్టు సూత్రమునకును, సగటు తీయు సూత్రమునకును ఆ రంగు గోచరింపదు. అష్టాధ్యాయి చివరి మూఁడు పాదములలోని కార్యములు పూర్వశాస్త్రముల దృష్టికి అసిద్ధములైనట్లు, నిమిత్తరంజనమును సూత్రముల దృష్టికి అసిద్ధము. ఇది గుణమే, రంగు చెడినను లెక్క చెడదు. కాని దీనివలన నొక చిక్కు కలదు. ఎఱ్ఱగడు లెన్నియో సూత్రముచే లెక్కింపవలెనన్నచో, ఎఱుపును లెక్కింప వీలులేదు. 35 కంటెఁ దక్కువయైనవి యెన్ని యని నిమిత్తమును మఱల వ్రాయవలెను. ఒకే నిమిత్తము రెండుచోట్ల వ్రాయఁబడును. కొంతకాలమునకు హద్దు మాఱి, ఒకచోట దిద్ది రెండవచోట మఱచినచో, రంగొకటి చెప్పును, సంఖ్య మఱియొకటి చెప్పును. శాస్త్రకారులు గుణము, వృద్ధి మొదలగు సంజ్ఞల నొక్కచోట నిర్వచించి యంతట వాడుకొనిరి. అట్లే 35, 20 అను హద్దులను బట్టిక పైభాగమున రెండు గడులలో వ్రాసి, రంగునియమములును లెక్కసూత్రములును ఆ గడులనే చూచునట్లు చేసినచో, ఒక్కచోట దిద్దిన నన్నిచోట్లను దిద్దుబా టగును.

పాఠపరిష్కరణమున నుపయోగము

సాహిత్యపరిశోధకులకు నీ సాధనము మిక్కిలి యుపకరించును. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను వేమన పద్యములను 1829లోఁ జెన్నపట్టణమునఁ బ్రకటించునప్పుడును, తరువాతి కృషియందును, పెక్కు వ్రాఁతప్రతులను సేకరించి పండితులచేఁ బాఠములను సరిపోల్పించెను. ఆ శ్రమ యంతయుఁ గంటిదియుఁ జేతిదియు. నేఁడు బి వరుసలో నొక ప్రతి పాఠమును బదముగా విడఁదీసి, సి మొదలగు వరుసలలో నితరప్రతుల పాఠములను దదనుగుణముగా నమర్చి, బి గడితో నేకీభవింపనిచోఁ బసుపు అని విధించినచోఁ బాఠభేదము లొక్కసారిగాఁ గంటఁబడును. బి పేరునకు ముందు డాలరు గుఱుతు మఱవరాదు.

అయినను ఆ పసుపునకు భేదమనియే యర్థము. పాఠభేదమని యర్థము కాదు. ఒక లేఖకుఁడు అరసున్న వ్రాసి, మఱియొకఁడు విడిచినను పసుపే. ఒకఁడు బండిఱను, ఒకఁడు సాధురేఫమును వ్రాసినను పసుపే. పదము చివర నొక ఖాళీయెడము మిగిలినను పసుపే. యతిస్థానమునఁ బదమే మాఱి పద్యార్థము మాఱినను పసుపే. ఇవన్నియు నొక్కరంగున నున్నప్పుడు ముఖ్యమైనది యప్రధానముల నడుమ దాఁగును. కావున మొదట లిపిభేదములను సమపఱచిన ప్రతిలేఖనమును వేఱు వరుసలో నుంచి, దానినే పోల్చుట మేలు. మూలలేఖనమును మాత్రము చెఱపరాదు. మఱియు బి వరుసలోని ప్రతి సరియైన పాఠము కలదని పసుపు చెప్పదు. ఏ ప్రతిని బి వరుసలో నుంచిరో దానికి రంగు పడదు. రంగు పడమిచే నదియే శుద్ధమని భ్రమ కలుగును. ఆధారప్రతిని మార్చి చూచినచో రంగులన్నియుఁ దలక్రిందు లగును. పాఠనిర్ణయము చేయవలసినది ఛందస్సును, ప్రకరణమును, ప్రయోగమును నెఱిఁగిన పండితుఁడే.

రంగు శాసనమైన కాలము

రంగును జూచి నియమమును మఱచుటవలన నెంతటి ఫలము కలుగునో తెలుపుటకు దేశమెల్ల నెఱిఁగిన దృష్టాంత మొకటి కలదు. కోవిడ్ కాలమునఁ గేంద్రారోగ్యశాఖ 30-4-2020 నాఁడు 733 జిల్లాలను మూఁడు రంగులుగా విభజించెను: 130 ఎఱుపు, 284 నారింజ, 319 పచ్చ. ఆనాఁటి ఆంధ్రప్రదేశపు 13 జిల్లాలలో నైదు ఎఱుపు. విశాఖపట్టణముతోఁ గూడ నేడు నారింజ. విజయనగర మొక్కటియే పచ్చ. అదియు నిమిత్తరంజనమే. స్థానము జిల్లా, పచ్చదనమునకు నిమిత్తము, ఆవఱకు రోగి యొక్కఁడును గుర్తింపఁబడకుండుట, లేదా గడచిన 21 దినములలోఁ గ్రొత్తరోగి లేకుండుట, కార్యము రంగు. ఆ రంగును బట్టియే బస్సులు, అంగళ్లు, పనులు నడచునదియు నిలుచునదియు నిర్ణయమయ్యెను.

ఆనందపురము విశాఖపట్టణమునుండి విజయనగరమునకుఁ బోవు దారిలో నున్నది. జిల్లా పొలిమేర కది దూరము కాదు. పొలిమేర కీవలి యూరు నారింజ, ఆవలి యూరు పచ్చ. రెండూళ్లలోను రోగి లేకపోయినను రంగులు వేఱు. ఏలయన స్థానము ఊరు కాదు, జిల్లా. ఊరినిఁ జూచి రంగు పడలేదు; జిల్లా రంగే యూరిపైఁ బడినది. విభజించినవారి నియమము స్పష్టముగనే ప్రకటింపఁబడెను. అత్యవసరకాలమున నేదో యొక స్థానము నేర్పఱుపకయుఁ దీఱదు. చదువువారు మాత్రము పచ్చయనఁగా రోగము లేని చోటని తలఁచిరేని, అది నియమములో లేని యర్థము. రోగి గుర్తింపఁబడకుండుటకును రోగము లేకుండుటకును గల భేదము, ఖాళీగడికిని సున్నకును గల భేదము వంటిదే.

ఆచరణీయములు

పై విచారమువలనఁ దేలిన యంశములు కొన్ని. రంగుల పట్టికను దయారుచేయువారు నియమమును బట్టిక క్రిందనే తెలుఁగువాక్యముగా వ్రాయవలెను: ఏ గడులకు, ఏ నిమిత్తమున, ఏ రంగు అని. సామాన్యనియమమును ముందు వ్రాసి, విశేషనియమమును జాబితాలో దానికిఁ బైన నుంచవలెను. ఖాళీగడులను, పదములను మొదటనే వేఱుపఱుపవలెను. నియమము వ్రాసిన వెంటనే హద్దునకు సరిగా నున్న విలువను, దానికొక్కటి తక్కువదానిని, ఒక్కటి యెక్కువదానిని వేసి చూచుట యవసరము. 34, 35, 36 మూఁటికిని రంగు తగినట్లున్నచో నియమము హద్దువద్ద సరియే యని నమ్మవచ్చును. హిందీ వరుసలో 19, 20, 21 వేసి చూడవలెను.

రంగొక్కటియే చాలదు. ఎఱుపును బచ్చను వేఱుచేసి చూడఁజాలని దృష్టి కొందఱికి జన్మసిద్ధము. స్త్రీలకంటెఁ బురుషులలో నది యధికము. పాఠశాలలలోఁ బట్టిక నలుపుముద్రణమున నకలు తీయఁబడినప్పుడు ఎఱుపును బచ్చయు నొక్కతీరు బూడిదవన్నె యగును. కావున రంగుతోఁ బాటు దళసరి యక్షరమునో చుట్టుగీఁతనో చేర్చుట యుత్తమము. మితిమీఱిన రంగులును వలదు. పట్టికలో సగము గడులు రంగు దాల్చినచోఁ జూడవలసినది యేదియో మఱలఁ దెలియకుండఁ బోవును.

ఇంతకును నిమిత్తరంజన మొక సూచకము; నిర్ణేత కాదు. పట్టికలోని యెఱ్ఱగడి, ఇచ్చట నీ నియమము ప్రవర్తించినదని మాత్రము పలుకును. నియమము సరియైనదా, యీ గడికిఁ దగినదా యను ప్రశ్న చూచువానికే మిగులును. ఉపాధ్యాయుఁడు ఎఱుపును జూచినప్పుడు ఆ గడిలోని సంఖ్యను, ఆ వరుస తలపైనున్న విషయనామమును గూడఁ జదివినచో, హిందీలో 24 మార్కులు తెచ్చుకొన్న బాలిక పేరు తప్పినవారి జాబితాలోఁ బడదు. పరీక్షకు రాని బాలుని పేరు ఉత్తములలోఁ జేరదు.